రేపటి లెక్క ఎవరి దగ్గర ఉంది?

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



ఒకరోజు జగిత్యాలలో అసర్ నమాజు ముగిశాక ఒక యువకుడు మా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. వాళ్లది కోరుట్ల. లెక్కల్లో పెద్ద చదువు చదివాడు. హైదరాబాదులో ఒక ఫైనాన్సు కంపెనీలో ఉద్యోగం. కాసేపు తల వంచుకుని కూర్చుని, అప్పుడు అడిగాడు:

"మౌలానా సాబ్, నేను ఎవరికీ అప్పు ఇవ్వను. ఎవరి దగ్గరా మిత్తి వసూలు చేయను. వడ్డీ రేట్లు రేపు ఎట్లుంటాయో కంప్యూటర్ మీద లెక్క కడతాను, అంతే. నా జీతం హలాలేనా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. మద్రసాలో వడ్డీ అధ్యాయం చదివాం, విద్యార్థులకు చెప్పాం కూడా. కానీ రేపటి వడ్డీని లెక్కగట్టే ఈ పని మా పాఠంలో లేదు. ఒక విషయం ఏమిటో అర్థం కాకుండా దానిపై తీర్పు చెప్పకూడదని మా ఉస్తాదులు నేర్పారు. అందుకే, "ముందు నీ పనేమిటో మాకు అర్థమయ్యేలా చెప్పు బేటా" అన్నాం.

అతను చెప్పడం మొదలుపెట్టే ముందు ఇంకొక మాట అన్నాడు. ఆ మాటే ఈ వ్యాసానికి కారణం. "అబ్బా దుబాయి పోయేటప్పుడు వీసా కోసం చేసిన అప్పు నేను ఇంటర్ చదివేదాకా తీరలేదు. నా కాలేజీ ఫీజు కూడా మిత్తికి తెచ్చిందే. ఇప్పుడు నేను ఆ మిత్తి లెక్కలే కట్టి బతుకుతున్న."

ఊయల లెక్క

వడ్డీ రేటు ఇంట్లో కట్టిన ఊయల లాంటిదని అతను చెప్పాడు. ఎంత దూరం ఊగినా మళ్లీ మధ్యకు రావాలని చూస్తుంది. మధ్యకు లాగే బలం ఒకటి. ఎటునుంచి వస్తాయో తెలియని తోపులు మరొకటి. యుద్ధం వస్తుంది, చమురు ధర పెరుగుతుంది, వానలు పడవు, ప్రభుత్వాలు మారతాయి. ఒక్కో తోపుకు ఊయల ఒక్కో దిక్కుకు పోతుంది. ఈ లాగుడునూ తోపునూ కలిపి 1977లో ఓల్డ్‌రిచ్ వాసిచెక్ అనే గణితవేత్త ఒక సమీకరణం రాశాడు. అందులో ముఖ్యమైన సంఖ్యలు మూడే: మధ్య ఎక్కడుంది, లాగే బలం ఎంత, తోపుల తీవ్రత ఎంత. ఈ మూడూ ఇస్తే కంప్యూటరు రేపటి రేటు నడవగల దారులను వేలకొద్దీ గీస్తుంది. వాటిలో ఏది నిజమవుతుందో చెప్పదు. ఏది ఎంతవరకు సంభవమో చెబుతుంది. బ్యాంకులు తమ బాండ్లకు, ఇరవై ఏళ్ల రుణాలకు విలువ కట్టేది ఇలాంటి లెక్కల సహాయంతోనే.

ఆ సమీకరణంలో ఒక లోపం ఉందని ఆ విద్య తెలిసినవారు అన్నారు. రేటు సున్న కంటే కిందికి కూడా పోవచ్చని అది చూపుతుంది. అప్పు ఇచ్చినవాడే ఎదురు చెల్లించడం ఎక్కడైనా ఉంటుందా అనుకున్నారు. 1985లో కాక్స్, ఇంగర్‌సాల్, రాస్ అనే ముగ్గురు సున్న దగ్గర గోడ కట్టినట్లుండే కొత్త సమీకరణాన్ని ఇచ్చారు. తర్వాత ఏం జరిగింది? 2014 జూన్‌లో యూరోపు కేంద్ర బ్యాంకు తన దగ్గర బ్యాంకులు ఉంచే సొమ్ముపై రేటును సున్న కిందికి దించింది. 2016లో జపాన్ కేంద్ర బ్యాంకు కూడా అదే పని చేసింది. పండితులు గోడ కట్టిన చోటే దారి తెరుచుకుంది!

2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలిపోయింది. రేట్లు తక్కువగా ఉన్న రోజుల్లో అది కొన్న దీర్ఘకాల బాండ్లు, రేట్లు పెరగగానే విలువ కోల్పోయాయి. ఖాతాదారులు ఒక్కసారిగా తమ డబ్బు వెనక్కి అడిగారు. బ్యాంకు మూతపడింది. అక్కడ చదువుకున్నవారికీ కొదవ లేదు, కంప్యూటర్లకూ కొదవ లేదు.

"మరి మీ సమీకరణంలో ఆ తోపుల గురించి ఏమని రాస్తారు?" అని అడిగాం.

"తెలియదు అనే రాస్తాం మౌలానా సాబ్. ఆ తెలియనితనానికే ఒక గుర్తు పెట్టుకున్నాం" అన్నాడు.

సోదరులారా! ఆ మాట విన్నప్పుడు మాకు సూరా లుఖ్మాన్ చివరి ఆయత్ గుర్తొచ్చింది. రేపు తానేం సంపాదిస్తాడో ఏ ప్రాణికీ తెలియదని, తాను ఏ నేలలో మరణిస్తాడో కూడా తెలియదని, ఆ జ్ఞానం అల్లాహ్‌కే సొంతమని అది బోధిస్తుంది. రేపటి సంపాదన, మరణించే నేల! గల్ఫ్‌కు పోయిన కొడుకు కోసం ఎదురుచూసే జగిత్యాల, కోరుట్ల తల్లులకు ఈ రెండు మాటల బరువు విడమరచి చెప్పనక్కర లేదు.

వడ్డీ శాస్త్రంలో ఆరితేరినవారు కూడా రేపు తెలియదనే ఒప్పుకుంటున్నారు. కానీ వడ్డీ కాయితం మాత్రం రేపు తెలిసినట్లే రాయబడుతుంది. అప్పు తీసుకున్నవాడు రేపు ఇంత సంపాదించి తీరుతాడని, ఫలానా తేదీకి ఇంత కట్టి తీరుతాడని దాని మీద సంతకం పెట్టిస్తారు. ఇచ్చినవాడు తన రేపటిని పదిలం చేసుకుంటాడు. తెలియని రేపటి బరువంతా తీసుకున్నవాడి నెత్తిన పడుతుంది. వడ్డీలోని అన్యాయానికి వేరు ఇక్కడే ఉంది.

కాయితం తిరగరాసుడు

మన పల్లెల్లో 'నూటికి రెండు' అంటే చాలామందికి చిన్న మాటగా వినిపిస్తుంది. నెలకు నూటికి రెండు రూపాయలంటే సంవత్సరానికి 24 శాతం. వీసా కోసం లక్ష రూపాయలు ఈ లెక్కన తెచ్చారనుకుందాం. ప్రామిసరీ నోటుకు చట్టప్రకారం మూడేళ్ల గడువు. ఆ గడువు దాటకముందే, తీరని అప్పుకు మిత్తిని అసలులో కలిపి కొత్త కాయితం రాయించుకుంటారు. మూడేళ్లకు మిత్తి 72,000. కొత్త కాయితం 1,72,000. ఇంకో మూడేళ్లకు 2,95,840. తొమ్మిదేళ్లు నిండేసరికి 5,08,845. తెచ్చింది లక్ష. రాసింది నూటికి రెండు. అడుగుతున్నది ఐదు లక్షలు!

ఇది కొత్త పద్ధతి కాదు. అజ్ఞాన కాలపు అరబ్బుల వడ్డీ గురించి ఇమామ్ మాలిక్ తమ 'మువత్తా'లో నమోదు చేశారు. గడువు తీరగానే అప్పు ఇచ్చినవాడు వచ్చి, తీరుస్తావా లేక పెంచుతావా అని అడిగేవాడు. తీర్చలేనివాడు మొత్తాన్ని పెంచి గడువు కొనుక్కునేవాడు. మన కాయితం తిరగరాసుడు దీనికి ఏ విధంగా భిన్నం? వడ్డీని రెట్టింపుల మీద రెట్టింపులుగా తినవద్దని సూరా ఆలి ఇమ్రాన్ 130వ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులను హెచ్చరించాడు.

కిస్తుల లెక్కల్లో మోసం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. పది వేలు ఇచ్చి, వారానికి 225 చొప్పున 50 వారాలు కట్టమంటారు. మొత్తం 11,250. పన్నెండున్నర శాతమే కదా అంటారు. కానీ ఆ పది వేలు ఏడాదంతా మన దగ్గర ఉండవు. ప్రతి వారం అసలు తగ్గుతూనే ఉంటుంది, మిత్తి మాత్రం మొదటి రోజు మొత్తం మీదనే లెక్కించారు. తగ్గే అసలు మీద లెక్కిస్తే అది సంవత్సరానికి సుమారు 24న్నర శాతం. గిరిగిరి వాళ్లయితే పది వేలకు కాయితం రాయించుకుని తొమ్మిది వేలే చేతిలో పెడతారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలే కదా పోయింది అనుకుంటాడు తోపుడుబండి సోదరుడు. సంవత్సరపు లెక్క తీస్తే అది సుమారు 78 శాతం!

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్లకు ఈ వారపు కిస్తుల బాధ బాగా తెలుసు. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. మొత్తం వడ్డీ అసలును మించకూడదని, వారానికి కాక నెలకోసారి, అదీ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే వసూలు చేయాలని కట్టడి చేసింది. 2011లో రిజర్వు బ్యాంకు ఈ రుణాలపై 26 శాతం పరిమితి పెట్టింది. తర్వాత ఆ పద్ధతులు మారుతూ వచ్చి, 2022లో పరిమితి తొలగిపోయింది. మనుషులు గీసే గీతలు ఇలా జరుగుతూ ఉంటాయి. అల్లాహ్ గీసిన గీత ఒక్కచోటే ఉంది. పశ్చాత్తాపపడితే మీ అసలు మీకు ఉంటుందని, మీరు అన్యాయం చేయకూడదు, మీకూ అన్యాయం జరగకూడదని సూరా బఖరా 279వ ఆయత్ స్పష్టం చేస్తుంది.

"బ్యాంకు వడ్డీ తక్కువ కదా?"

ప్రతి ప్రసంగం తర్వాత ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. ఆ యువకుడినే అడిగి ఈ లెక్క కట్టించుకున్నాం. ఇంటి కోసం పది లక్షలు, ఇరవై ఏళ్లకు, 7 శాతం వడ్డీకి తీసుకుంటే నెల కిస్తు 7,753 రూపాయలు. రెండేళ్లలో కట్టేది 1,86,072. అందులో అసలుకు జమయ్యేది సుమారు 49,300 మాత్రమే. మిగిలింది మిత్తి. ఇప్పుడు రేటు మారిందనుకుందాం. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2020 మేలో 4 శాతం ఉంది. 2022 మే నుంచి పెరుగుతూ 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. మారే రేటు మీద తీసుకున్న ఇంటి రుణాలు దాని వెంట నడిచాయి. పై ఉదాహరణలో 7 శాతం కాస్తా 9.5 అయితే, అదే 7,753 కిస్తులో 7,526 మిత్తికే పోతుంది. అసలుకు మిగిలేది 227 రూపాయలు! ఇక కిస్తు పెంచాలి, లేదా గడువు ఎన్నో ఏళ్లు పొడిగించాలి.

ఇంట్లో జీతం పెరగలేదు. ఇటుక ఒక్కటి అదనంగా చేరలేదు. కానీ ఊయల ఊగింది, ఆ దెబ్బ ఇంటిమీద పడింది. బ్యాంకు తనకు తెలియని రేపటిని మన పేర రాసింది. వడ్డీ తక్కువైనా ఎక్కువైనా దాని స్వభావం ఇదే. అందుకే షరీఅత్‌లో కొంచెం వడ్డీ వేరు, ఎక్కువ వడ్డీ వేరు అనే విభజన లేదు.

మగ్గం ఆగింది, మిత్తి ఆగలేదు

సిరిసిల్లలో ఒక ధార్మిక సభకు వెళ్లినప్పుడు మరమగ్గాలు నడిపే ఒక ఆసామి మాతో మాట్లాడాడు. ముస్లిం సోదరుడు కాదు. పొరుగువాడిగా సభకొచ్చి చివరిదాకా విన్నాడు. "సాబ్, మీరు చెప్పింది మా ఇంట్ల జరిగిందే. మగ్గం ఆగింది, మిత్తి ఆగలే" అన్నాడు.

సిరిసిల్ల చరిత్ర తెలిసినవారికి ఈ మాట కొత్త కాదు. గిరాకీ లేక, నూలు ధర, కరెంటు బిల్లు, అప్పులు మీద పడి 2000వ దశకం మొదట్లో ఎందరో నేతన్నలు ప్రాణాలు తీసుకున్నారు. ఎందరో భీవండికి, సూరత్‌కు వలసపోయారు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి మగ్గాలకు పని దొరికింది. 2023 తర్వాత ఆ ఆర్డర్లు ఆగిపోయి, 2024లో చాలా మగ్గాలు మూగబోయాయి. పని వస్తుంది, పోతుంది. మిత్తికి ఆదివారం లేదు, పండుగ లేదు, సమ్మె లేదు. 2020లో కరోనా వచ్చి గల్ఫ్ నుంచి మన పిల్లలు ఉత్త చేతులతో తిరిగొచ్చిన నెలల్లో కూడా వడ్డీ వ్యాపారి కాయితంలో అంకె పెరుగుతూనే ఉంది.

దైవప్రవక్త (సఅసం) ఒక చిన్న వాక్యంలో దీనికి పరిష్కారం బోధించారు. అబూ దావూద్ గ్రంథంలో నమోదైన ఆ హదీసు సారం ఇది: నష్టానికి బాధ్యత వహించేవాడికే లాభంపై హక్కు. వ్యాపారమూ వడ్డీ లాంటిదే కదా అని వాదించినవారికి, అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించాడని సూరా బఖరా 275వ ఆయత్ జవాబిచ్చింది. రెంటికీ తేడా ఎక్కడుంది? ఆ ఆసామికి ఎవరైనా భాగస్వామిగా డబ్బు పెట్టి ఉంటే, మగ్గం ఆగిన రోజున అతని లాభం కూడా ఆగేది. మగ్గం మళ్లీ తిరగాలని ఇద్దరూ కలిసి ఆలోచించేవారు. ప్రవక్త పదవి లభించకముందు మన ప్రవక్త (సఅసం) హజ్రత్ ఖదీజా (రజి) గారి పెట్టుబడితో వ్యాపారానికి వెళ్లింది ఈ పద్ధతిలోనే. పెట్టుబడి ఒకరిది, శ్రమ ఒకరిది, లాభంలో వాటా ఇద్దరిది. దీన్నే ముదారబా అంటారు. వడ్డీకి ఇచ్చినవాడు మాత్రం మగ్గం తిరిగినా ఆగినా తన వంతు ముందే తీసిపెట్టుకుంటాడు.

తీర్చలేని స్థితిలో ఉన్నవాడికి వెసులుబాటు దొరికేదాకా గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే మరీ మేలని అదే సూరా 280వ ఆయత్ ఆదేశిస్తుంది. కాలం గడిచేకొద్దీ వడ్డీ వ్యాపారి అంకె పెంచుతాడు. అల్లాహ్ గడువు పెంచమంటున్నాడు!

అప్పుల్లో ఉన్న సోదరుడా! ఒక్క మాట విను. నీ ప్రాణం అల్లాహ్ అమానతు. అది ఏ కాయితానికీ తాకట్టు కాదు. బాకీ ఎంతున్నా సరే, ఈ రాత్రే నీ ఇంట్లో వారికి చెప్పు, మస్జిద్ పెద్దలకు చెప్పు. దాచిన అప్పు మనిషిని ఒంటరిని చేస్తుంది.

లెక్క పాపం కాదు

ఇక ఆ యువకుడి ప్రశ్నకు వద్దాం. గణితం పాపమా? ఎంతమాత్రం కాదు. అల్‌జబర్ అనే పేరే బగ్దాదులో 9వ శతాబ్దంలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం నుంచి వచ్చింది. నేడు కంప్యూటర్ల వారు అల్గారిదమ్ అనే మాట కూడా ఆయన పేరు నుంచి పుట్టిందే. ఆ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాల, వారసత్వపు వాటాల లెక్కలకు కేటాయించారు. తండ్రి పోయాక తల్లికెంత, కూతురికెంత, చెల్లెలికెంత అని అల్లాహ్ నిర్ణయించిన హక్కులు పైసాతో సహా వారికి చేరడానికి ఆ విద్య ఉపయోగపడింది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ కూడా అప్పు గురించే. సూరా బఖరా 282వ ఆయత్ అప్పును గడువుతో సహా రాసుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టుకోమని నేర్పుతుంది.

కాబట్టి రాయడం మంచిదే, లెక్కించడం మంచిదే. ఏం రాస్తున్నాం, ఎవరి కోసం లెక్కిస్తున్నాం అన్నదే ప్రశ్న. ఎందుకంటే వడ్డీ తినేవాడిని, తినిపించేవాడిని, దాన్ని రాసేవాడిని, దానికి సాక్షులుగా నిలిచే ఇద్దరిని దైవప్రవక్త (సఅసం) శపించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. పాపంలో వారంతా సమానులేనని కూడా అందులో ఉంది. రాసేవాడు వడ్డీ తినలేదు. అతని చేతిలో కలం మాత్రమే ఉంది. అయినా వదిలిపెట్టలేదు!

మేము ఆ యువకుడితో ఇలా అన్నాం: "బేటా, నీ విద్య అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహం. దాన్ని వదులుకోకు. కానీ వడ్డీ రుణాలకు ధర కట్టడమే నీ పని అయితే, నువ్వు ఆ రాసేవాడి స్థానానికి దగ్గరగా నిలబడ్డావు. హలాల్ అని మేము చెప్పలేం. నీ పని వివరాలన్నీ రాసి పెద్ద ముఫ్తీల ముందు పెట్టు. ఇంటిల్లిపాదీ నీ మీద ఆధారపడ్డారని మాకు తెలుసు. రోగి మందు కోసం వెతికినట్లు వేరే పని వెతుకు. దొరకగానే ఇది వదిలేయి. అంతవరకు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటూ ఉండు. ఒక్కటి మాత్రం చేయకు. మనసుకు నచ్చజెప్పుకుని దాన్ని హలాల్ చేసుకోకు."

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అబ్బాకు ఏం చెప్పాలె?" అని అడిగాడు. వడ్డీ కట్టీ కట్టీ నడుం వంగిన తండ్రికి, కొడుకు జీతమే ఇప్పుడు ఆధారం. ఆ ప్రశ్న మమ్మల్ని కలచివేసింది. అప్పుడు అర్థమైంది: ఈ ప్రశ్న ఆ ఒక్కడిది కాదు. అతని తండ్రి వీసాకు డబ్బులు అడిగిన రోజున మొహల్లాలో వడ్డీ లేకుండా ఇచ్చే తలుపు ఒక్కటి ఉన్నా ఆ ఇంటి కథ వేరే ఉండేది. హరామ్ అని చెప్పడం మాకు సులభం. హలాల్ తలుపు తెరవడం ఎవరి బాధ్యత?

మన మొహల్లా లెక్క

ఒకసారి దైవప్రవక్త (సఅసం) ముందుకు ఒక జనాజా తెచ్చారు. మృతునికి బాకీ ఉందని, తీర్చడానికి ఏమీ వదలలేదని తెలిసి, మీ సహచరునికి మీరే నమాజు చేయండన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకొచ్చి ఆ బాకీ తన మీద వేసుకున్నారు. అప్పుడు ప్రవక్త (సఅసం) నమాజు చేయించారు. ఈ సంఘటన బుఖారీలో ఉంది. మనం దీన్ని విని, బాకీ ఎంత ప్రమాదకరమో అనుకుని లేచిపోతాం. అబూ ఖతాదా (రజి) ఏం చేశారో మరచిపోతాం.

ఇది చేయలేని పని కాదు. హైదరాబాదులో వడ్డీలేని రుణ సంఘాలు ఎంతో కాలం కిందటే నడిచాయని, ఆ నగరంలోనే పుట్టిన ప్రసిద్ధ పండితులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908-2002) రాసి ఉంచారు. మన మొహల్లాలో నూరు ఇళ్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో ఇల్లు నెలకు నూరు రూపాయలు అమానతుగా జమ చేస్తుంది. అది చందా కాదు, వారి సొమ్మే. నెలకు పది వేలు. మొదటి నెల ఆ పది వేలు అవసరమున్న ఒకరికి కర్జె హసనాగా ఇస్తాం. అతను నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో తీరుస్తాడు. రెండో నెలకు కొత్త పది వేలు, తిరిగొచ్చిన వెయ్యి కలిపి పదకొండు వేలు. మూడో నెలకు 12,100. ఇలా అందరూ సక్రమంగా తీరుస్తూ పోతే, సంవత్సరం ముగిసేసరికి జమ అయింది 1,20,000. అప్పుగా అందింది 2,12,000 పైచిలుకు! ఒక్క పైసా మిత్తి లేదు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి తిరగడమే ఆ పెరుగుదల. అల్లాహ్ వడ్డీని నశింపజేస్తాడని, దానధర్మాలను పెంచుతాడని సూరా బఖరా 276వ ఆయత్‌లో చదువుతాం కదా, దాని ఒక చిన్న ఛాయను ఈ లెక్కలో చూడవచ్చు.

దీనికి కొన్ని నియమాలు పాటించాలి. ప్రతి అప్పునూ రాయాలి, ఇద్దరు సాక్షులుండాలి. జమానతు గానీ, కొంచెం బంగారం తాకట్టు గానీ తీసుకోవచ్చు. పుస్తకాల, కాయితాల ఖర్చును దాతలు భరించాలి. అది వీలుకాకపోతే నిజంగా అయిన ఖర్చు మాత్రమే తీసుకోవాలి, అప్పు మొత్తంపై శాతం పెట్టి కాదు. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం (1995) కింద నమోదు చేయించుకుంటే నమ్మకం పెరుగుతుంది. నిజంగా తీర్చలేనివారికి జకాత్ ఉంది. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పుల పాలైనవారు ఒక వర్గమని సూరా తౌబా 60వ ఆయత్ తెలుపుతుంది. ఇక తీసుకునేవారు కూడా భయపడాలి. స్తోమత ఉండి ఎగ్గొట్టేవాడు తన తర్వాత వరుసలో నిలబడ్డ పేదవాడి వంతు తింటున్నాడు.

ఇంకొక మాట ఇళ్లలోని తల్లులకు. మన అప్పుల్లో సగం ఆకలి కోసం చేసినవి కావు. పెళ్లి పందిరి కోసం, లేనిపోని లాంఛనాల కోసం, నలుగురిలో పేరు కోసం చేసినవి. ఒక రాత్రి దావత్ కోసం తొమ్మిదేళ్ల కాయితం రాయించకండి.

దైవప్రవక్త (సఅసం) తమ నమాజులో పాపం నుంచి, రుణభారం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, వాగ్దానం చేస్తే తప్పుతాడని దానికి కారణం చెప్పారు. మనం కూడా ఆ దుఆ నేర్చుకుందాం, పిల్లలకు నేర్పుదాం.

ఈ వ్యాసం రాసేనాటికి ఆ యువకుడు వేరే పని వెతుకుతూనే ఉన్నాడు. రెండు చోట్ల అడిగాడట, ఇంకా కుదరలేదు. పాఠకులు అతని కోసం దుఆ చేయవలసిందిగా కోరుతున్నాం. లెక్కలు తెలిసిన ఇలాంటి పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వారికి హలాల్ పని చూపించడం ఊరి పెద్దల విధి.

రేపు ఏమవుతుందో మనకు తెలియదు. తెలియని రేపటిని సోదరుని నెత్తిన పెట్టడం వడ్డీ. దాన్ని అతనితో కలిసి మోయడం ఇస్లాం.

ఓ అల్లాహ్! మమ్మల్ని హరామ్ నుంచి కాపాడి హలాల్‌తో తృప్తిపరచు. అప్పుల్లో ఉన్నవారి అప్పులు తీర్చు. పరదేశాల్లో ఉన్న మా బిడ్డలను క్షేమంగా ఇల్లు చేర్చు. మా మొహల్లాలలో కర్జె హసనా తలుపులు తెరిచే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్!